గూడు పంపిన ప్యాకేజీ

చెల్లి నా గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట, “వేరే దిక్కు లేక వచ్చాను.”

అక్కా అని పిలవలేదు. ఏళ్ళ తరబడి మాటా పలుకూ లేకుండా ఉండి, ఒక బ్యాగు భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, నా మొహాన కొట్టినట్టు ఆ మాట అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో దాని కుడి మణికట్టు కంటబడింది. ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కున్న ఎముక. పక్కకి జరిగి దారిచ్చాను.

“చెప్పులు బయట పెట్టవే” అంటే వినలేదు. “బయట కనబడితే లోపల ఇంకొకరు ఉన్నారని తెలిసిపోతుంది” అంటూ వాటిని తెచ్చి మంచం కింద పెట్టుకుంది. ఆ రోజు మొదలు ఎక్కడ కూర్చున్నా తలుపుకేసి తిరిగే కూర్చునేది. అన్నం తింటున్నా అంతే, తల దువ్వుకుంటున్నా అంతే. లిఫ్టు ఆగిన చప్పుడైతే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

మా మరిదిని, అంటే చెల్లి మొగుణ్ణి, చూసినవాళ్ళెవరూ ఇదంతా నమ్మరు. వదినా వదినా అంటూ ఎంత మర్యాదో! ఇంటికొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసి పోయేవాడు. కారే కుళాయి, బిగుసుకుపోయిన కిటికీ గడియ, మొరాయించిన నా ప్రింటరు. మా పిన్నికైతే అతను బంగారం. పెళ్ళయిన కొత్తలో నేనూ తెగ మురిసిపోయాను, ఇద్దరిదీ ఇంచుమించు ఒకే పని కదా అని. నేను ఒక ప్రెస్సులో కంప్యూటర్లు చూసుకుంటాను, అన్నీ విండోస్ బదులు లినక్స్ మీద నడిచేవే. అతను అదే లినక్స్‌కి ప్యాకేజీలు కడతాడు. అంటే ఎవరో రాసిన ప్రోగ్రామును పొట్లంలా కట్టి, తన డిజిటల్ ముద్ర వేసి, కావలసినవాళ్ళు దింపుకునేలా సర్వర్లో పెట్టడం.

ఇదివరకు ఒకసారి చెల్లి నాకు మెయిల్ రాసింది. ఇక్కడ ఉండలేకపోతున్నాను, నాకో గది చూసిపెట్టు, ఎవరికీ చెప్పకు అని. గది చూశాను. ఫలానా రోజు వచ్చెయ్ అని జవాబు రాశాను. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్టాండు బల్ల మీద కూర్చున్నాను. రాలేదు. ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఆ నంబరే లేకుండా పోయింది. మొగుడూ పెళ్ళాలు ఒకటైపోయారు, మధ్యలో వెర్రిమొహాన్ని నేనయ్యాను అనుకున్నాను. నాకు కోపం వస్తే ఓ పట్టాన పోదు. ఉద్యోగం మారాను, ఊరు మారాను, దానికి కబురైనా పెట్టలేదు. కొత్త అడ్రసు పిన్నికొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని ఒట్టేసి, ఇప్పుడు చెల్లిని నా దగ్గరికి పంపింది ఆవిడే.

“ఆ రోజు ఎందుకు రాలేదే?” అని అడిగాను.

“నీకు తెలీదా?”

“నాకేం తెలుసే, నా మొహం!”

“సరేలే” అని అటు తిరిగి పడుకుంది.

ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

అసలు గొడవ మొదలైన పూట నేను సెలవులో ఉన్నాను. చెల్లి ఇళ్ళకు ప్లాన్లు గీస్తుంది. ఈ ఊళ్ళో ఒక ఆఫీసువాళ్ళు పాత డ్రాయింగులు పంపితే చూసి ఉద్యోగం సంగతి చెప్తామన్నారు. డ్రాయింగులన్నీ దాని లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది బ్యాగు అడుగునే ఉంది. ఫోన్ విషయంలో చెల్లి జాగ్రత్తపడింది. సిమ్ము విరిచేసి, ఫోన్ పిన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చింది. లాప్‌టాప్‌ని మాత్రం ఇద్దరం పట్టించుకోలేదు.

“లినక్సేనా? అయితే భయం లేదు. ఇలా తే” అన్నాను.

మా పనివాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ఎవరి కంప్యూటరు చేతికొచ్చినా ముందు అప్‌డేట్ కొట్టాలి. మాసిన గిన్నె చూస్తే కడగాలనిపించినట్టు మాకు చెయ్యి ఆగదు. చెల్లిని పాస్‌వర్డ్ కొట్టమని, ఇంటి వైఫై కలిపి, అప్‌డేట్ పెట్టేసి టీ కాయడానికి వెళ్ళాను. వచ్చేసరికి తెర నిండా వరసలు పరుగెత్తుతున్నాయి. నాకు భలే సంతోషంగా ఉంది, దానికేదో మేలు చేస్తున్నానని!

డ్రాయింగులు పంపేశాం. ఎంచక్కా అన్నం తిన్నాం. వాటిలో ఒక ఇంటికి వంటింట్లో కిటికీయే లేదు. ఇదేంటే అంటే, “కట్టించుకునేవాడు వంట చెయ్యడుగా” అంది. వచ్చాక మొదటిసారి దాని మొహంలో నవ్వు చూశాను.

తర్వాత అది ఉతికిన బట్టలు మడతపెడుతుంటే నేను మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

“ఇప్పుడేం చేస్తున్నావ్?”

“దీని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నా.”

“అంటే?”

“లినక్స్‌లో ఉన్న ప్రతి ప్రోగ్రామూ ఏదో ఒక గిడ్డంగి నుంచి వచ్చిందే. తయారుచేసినవాళ్ళే పెద్ద గిడ్డంగి నడుపుతారు. కావాలంటే మనం వేరేవాళ్ళ గిడ్డంగి అడ్రసు కూడా కలుపుకోవచ్చు. కూరగాయలు కొనేటప్పుడు ఏ ఊరి పంట అని అడుగుతామే, అలా ఇదెక్కణ్ణుంచి వచ్చింది, అదెక్కణ్ణుంచి వచ్చింది అని అడుగుతున్నా. మా ప్రెస్సులో వారానికోసారి అడుగుతాను.”

వరసలు దిగుతున్నాయి. అన్నింటి పక్కనా ఒకటే అడ్రసు, పెద్ద గిడ్డంగిది. అడుగున ఒక్కటి తేడాగా ఉంది. పేరు చూస్తే తెర మీది అక్షరాలు చక్కగా కనిపించడానికి వాడే చిల్లర ప్రోగ్రాములా ఉంది. అడ్రసు మాత్రం ఎప్పుడూ విననిది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా అది తెలుగు మాటే.

“ఏమే, ఈ గూడు ఎవరే?” నవ్వుతూనే అడిగాను.

తిరిగి చూస్తే చెల్లి చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయి ఉంది.

“ఏమన్నావ్?”

“గూడు. ఇక్కడ అలా రాసుంది.”

“మా ఇంట్లో చెప్పులు పెట్టే అలమరలో ఒక నల్ల పెట్టె ఉంటుంది. ఫొటోలు దాచుకునే కంప్యూటరు అనేవాడు. దానికి ఆయన పెట్టిన పేరు అది. మన గూడు, అనేవాడు.”

ఆ పొట్లాన్ని విప్పి చూశాను. నేను పొరబడ్డానేమోనని రెండోసారి చదివాను, మూడోసారి చదివాను. నెట్ తగలగానే చుట్టుపక్కల వినిపించే వైఫైల పేర్లన్నీ ఏరి గూడుకి పంపడం, అదే దాని పని. దాని లాప్‌టాప్‌లో గూడు అడ్రసు ముందెప్పుడో కలిపిపెట్టాడు. చెల్లి ఇల్లు వదిలిన మర్నాడు కట్టిన పొట్లం అది. కట్టి తన సర్వర్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అప్‌డేట్ కొట్టకపోతారా అని. ఆ ఎవరో ఒకరిని నేనే. నా చేతులతో నేనే దాన్ని దింపి, నా ఇంటి వైఫై కలిపి, టీ తాగుతూ కూర్చున్నాను.

ఇక మా అపార్ట్‌మెంట్ ఘనకార్యం ఒకటుంది. ఇక్కడ నెట్ కనెక్షన్లన్నీ ఒకే కేబుల్ అబ్బాయి ఇస్తాడు. బిల్లు వసూలుకి తేలిగ్గా ఉంటుందని ప్రతి వైఫైకీ అపార్ట్‌మెంట్ పేరూ, పక్కనే ఫ్లాట్ నంబరూ పెట్టాడు. నాదీ అంతే, అటుపక్కదీ అంతే, కిందిదీ అంతే. మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఊరి పేరు నెట్ కనెక్షనే చెప్పేస్తుంది. వీధి చివర పోస్టుమాన్ కూడా అంత తప్పు లేకుండా నా తలుపు చూపించలేడు.

వైఫై ఆపాను. లాప్‌టాప్ మూత మూశాను. అదీ చాలక వెళ్ళి గోడకున్న వైరు పీకేశాను.

చెల్లికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నా మొహంలోకి చూసి అడిగింది.

“ఆ అప్‌డేట్ నువ్వు కావాలనే కొట్టావా?”

“ఏమన్నావే?”

“అప్పుడూ నువ్వే...” అంటూ ఆగిపోయి, మంచం కింద నుంచి బ్యాగు లాగింది. “నేను వెళ్ళిపోతాను. నా అంతట నేనే తిరిగి వెళ్తే నీ జోలికి రాడు.”

“నోర్ముయ్! అప్పుడు నేనేం చేశానో తర్వాత తీరిగ్గా తిడుదువుగాని. ముందు ఇల్లు కదులు. ఎంతసేపు పడుతుంది అక్కణ్ణుంచి?”

“కారులో పూట ప్రయాణం.”

అప్‌డేట్ కొట్టింది పొద్దున. ఇప్పుడు భోజనాల వేళ దాటింది. అంటే ఏ క్షణానైనా తలుపు తట్టొచ్చు.

దాని లాప్‌టాప్‌ని నేలకేసి కొట్టాలనిపించింది. కానీ సాక్ష్యం అదొక్కటే. దాన్ని సంచిలో పెట్టాను. అందులో ఉన్నది ఎవరికైనా చూపించాలంటే పోల్చడానికి పక్కన ఇంకో మంచి లాప్‌టాప్ ఉంటే మంచిదనిపించింది. ఆఫీసుదాన్ని ఈ తెగులు పక్కన పెట్టను. ఊరు మారినప్పటినుంచి ముట్టుకోని నా పాత లాప్‌టాప్ అలమరలో ఉంది, దాన్నీ దాని వైరునీ సంచిలో కుక్కాను.

లిఫ్టు ఎక్కడానికి ధైర్యం చాలలేదు, మెట్లమీదుగా దిగాం. రెండో అంతస్తు మలుపులో కింద నుంచి బూట్ల చప్పుడు వినిపించింది. ఎవరో నింపాదిగా ఎక్కుతున్నారు. చెల్లి గోడకి అతుక్కుపోయింది. దాని గోళ్ళు నా మోచేతిలో దిగబడ్డాయి. ముందుకు వెళ్ళాలో వెనక్కి ఎక్కాలో నాకు తెలియలేదు. మలుపు తిరిగి వచ్చినవాడు కింది ఫ్లాటు టైలరు. చంకలో గుడ్డల మూట. “ఏంటండీ, లిఫ్టు పనిచెయ్యట్లేదా?” అన్నాడు. ఏదో ఒకటి గొణిగాను. అప్పుడు చూశాను, చెల్లి చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి, వేసుకోవడం మరిచిపోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని అందరం మీసాల బాబాయ్ అంటాం. “బాబాయ్, ఎవరొచ్చి అడిగినా నేను లేనని చెప్పు. చెప్పి వెంటనే నాకు ఫోన్ చెయ్యి” అని, అతను ఎందుకని అడిగేలోపే రోడ్డెక్కాం.

పక్క వీధిలోనే పోలీస్ స్టేషన్. ఆ పక్క వీధి ఎంతకీ తరగలేదు. వెనక నుంచి ఏ కారు వచ్చినా ఇద్దరం తలలు వంచుకున్నాం.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ఆడమనిషే. ఎదురుగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించింది. నేను చెప్పిందంతా ఓపిగ్గానే విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“చూడమ్మా, మొగుడూ పెళ్ళాల తగాదాలు ఇక్కడికి రోజూ వస్తాయి. దెబ్బలంటే నాకు అర్థమవుతుంది. కంప్యూటర్లో ఏదో దూరింది అంటున్నారు. దూర్చింది ఆయనే అని ఏమిటి నమ్మకం? ఎవడో దొంగవెధవ అయ్యుండొచ్చుగా?”

“ముద్ర ఉందండీ. ప్యాకేజీ ఎక్కడిదో తెలియకపోతే అప్‌డేట్ ఒప్పుకోదు, గోల పెడుతుంది. ఆ గోల రాకూడదని గిడ్డంగి మొత్తానికి తన ముద్ర వేశాడు. ఆఫీసు పనికి వాడే ముద్రే ఇదీ. దాని రహస్య సంకేతం అతని దగ్గరే ఉంటుంది, వేరే ఎవరూ వేయలేరు. కింద పేరు కూడా ఉంది చూడండి.”

“దొంగతనం చేస్తూ పేరు రాసుకున్నాడా?”

“ముద్ర లేని పొట్లం కట్టడం ఆ పనివాళ్ళకి చేతకాదండీ. అలవాటు.”

ఆవిడ నేను తెరిచిపెట్టిన చెల్లి లాప్‌టాప్ మీదికి వంగి ఆ పేరు చదువుతుండగా నా ఫోన్ మోగింది. మీసాల బాబాయ్. ఇన్‌స్పెక్టరే స్పీకర్ నొక్కింది.

“అమ్మా, మీ మరిదిగారంట, వచ్చారు. మీరు లేరని చెప్పాను. పర్లేదు, వదిన వచ్చేదాకా కూర్చుంటానన్నారు. పళ్ళు కూడా తెచ్చారు. ఎంత మంచి మనిషమ్మా! పాడైన నా టార్చిలైటు బాగుచేస్తున్నారు, ఇక్కడే నా కుర్చీలో కూర్చుని.”

చెల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది. మేమా గేటు దాటి ఎంతోసేపు కాలేదు.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడింది. ఫోన్ దగ్గరికి వంగి నెమ్మదిగా చెప్పింది. “బాబాయ్, నేను పోలీసమ్మను. ఏమీ తెలియనట్టే ఉండు. టార్చి బాగైనా బాగవలేదను. మావాళ్ళు వచ్చేదాకా ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వకు.” ఫోన్ పెట్టేసి ఇద్దరు కానిస్టేబుళ్ళని పిలిచింది. జీపు వెళ్ళిన చప్పుడు వినిపించింది. చెల్లి కుర్చీని తలుపుకేసి తిప్పుకుని కూర్చుంది.

ఆ కాసేపూ గడవడం లేదు. మా అవస్థ చూసే కాబోలు, ఇన్‌స్పెక్టరు నన్ను పనిలో పెట్టింది.

“ఫిర్యాదులో రాయాలంటే ముందు నాకు తేడా తెలియాలి. మంచి కంప్యూటరైతే ఎలా ఉంటుంది? అది చూపించు.”

“ఇదిగోండి, నాది ఉంది” అని పాత లాప్‌టాప్ తీసి వైరు పెట్టాను. ఈసారి ఏ వైఫైకీ కలపలేదు. బుద్ధొచ్చింది కదా! తెరిచి అదే ప్రశ్న అడిగాను. “చూడండి, అన్నింటి పక్కనా ఒకటే అడ్రసు ఉంటుంది. మొదటినుంచి చివరిదాకా ఒక్కటే...”

చివర గూడు ఉంది.

ఇన్‌స్పెక్టరు ఒకసారి తెరనీ ఒకసారి నన్నూ చూసింది. ఆ అడ్రసు ఎప్పుడు కలిపారో లాప్‌టాప్‌నే తారీఖు అడిగాను. చెల్లి పెళ్ళయిన ఏడాది. అతను నా ప్రింటరు బాగుచేసిన రోజు. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. “వదినా, ఒక్కసారి వచ్చి పాస్‌వర్డ్ కొట్టండి. నేను చూడన్లెండి” అని మొహం అటు తిప్పుకున్నాడు. ఎంత మర్యాద అనుకుంటూ తడి చేతులతోనే కొట్టాను.

ఇందులో దిగిన పొట్లం వైఫై పేర్లు ఏరే రకం కాదు. నేను టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ గూడుకి మోసే రకం. ఆ లాప్‌టాప్ మీద నేను రాయనిదేముంది! ఊరందరికీ చెప్పేదాన్ని ఎక్కడిదో అడగండి, అడగండి అని. నాదాన్ని ఒక్కనాడు అడగలేదు.

“ఏ ఏడాది అన్నావ్?” చెల్లి గొంతు. కుర్చీలోంచి లేచి నా వెనకకి వచ్చింది. తెర చదివింది. “అయితే నువ్వు నాకు రాసిన జవాబు? గది చూశాను అని రాసింది?”

“దీనిమీదే రాశాను.”

“గది కిటికీ తూర్పుకి ఉంది, నీకు నచ్చుతుంది. అలా రాశావా?”

“రాశాను. చదివావుగా!”

“చదవలేదు. నేను మెయిల్ తెరవకముందే ఆయన వచ్చి ఆ మాటలే చెప్పాడు, అక్షరం పొల్లుపోకుండా. మీ అక్కే ఫోన్ చేసి చెప్పింది, నీ పెళ్ళాన్ని కాస్త చూసుకో అంది, అన్నాడు.” కుడి మణికట్టును ఎడంచేత్తో పట్టుకుంది. “ఆ పూటే ఇది. గది సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నేను చెప్పలేదు. మరి ఇంకెవరు చెప్తారు?”

బస్టాండు బల్ల మీద నేను కూర్చుని తిట్టుకుంటున్న పొద్దున, అది ఆ చెయ్యి పట్టుకుని ఏ మూల కూర్చుని నన్ను తిట్టుకుందో. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది, నా కోపం నన్ను ఎప్పుడు వదిలింది గనక!

“ఓసి పిచ్చిదానా! ఇన్నేళ్ళలో ఒక్కసారి నన్ను అడిగితే నీ నోరు అరిగిపోయేదా?”

“నువ్వు అడిగావా?” అంది.

నిజమే, మొన్నటిదాకా నేనూ అడగలేదు.

ఇన్‌స్పెక్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, బయటికి చూస్తూ నిలబడింది. స్టేషన్ గేటు దగ్గర జీపు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. మెట్లమీద చాలా కాళ్ళ చప్పుడు, వాటి మధ్య నాకు బాగా తెలిసిన మర్యాద గొంతు, “ఏదో పొరపాటు జరిగిందండీ, వదిననే అడగండి” అంటోంది.

చెల్లి తలుపుకి వీపు పెట్టి నా పక్కన కూర్చుని, వంకర చేతిని నా చేతిలో పెట్టింది.

“అక్కా, నువ్వు ఇక్కడే ఉండు” అంది.